పుట్టుకా, పెంపకమా, సావాసమా: పిల్లలు మనుషుల్లో పడే దారి

పిల్లాడు మొండికేసి నేల మీద దొర్లుతుంటే మన ఇళ్ళలో కనీసం మూడు తీర్పులు వినిపిస్తాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు అని తాతగారు పెదవి విరుస్తారు. మొక్కై వంగనిది మానై వంగునా అని మేనత్త తల్లి వంక చూస్తుంది. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారు, అంతా ఆ పక్కింటి కుర్రాడి చలవే అని తల్లి ఆ నేరాన్ని గోడ అవతలికి నెట్టేస్తుంది. మూడు సామెతలూ మనవే, ఒకదానికొకటి పొసగవు. ఎవరికి ఏది అనుకూలమైతే అది వాడుకుంటాం.

పిల్లల ఎదుగుదల మీద గత వందేళ్ళలో జరిగిన పరిశోధన చూస్తే మూడింట్లోనూ నిజం ఉందనిపిస్తుంది. కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో వయసులో, ఒక్కో విషయంలో పనిచేస్తుంది. తప్పంతా ఒకే సామెతను అన్ని వయసులకూ అంటగట్టడంలోనే ఉంది.

ముందు పుట్టుక సంగతి. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మనోవైద్య దంపతులు 1956లో న్యూయార్క్‌లో వందమందికి పైగా పసిపిల్లల్ని ఎంచుకుని, వాళ్ళు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. ఆ రోజుల్లో పిల్లలు ఎలా తయారైనా తల్లిని వేలెత్తి చూపడం వైద్యులకే అలవాటు. వీళ్ళు చూసింది వేరు. నెలల వయసులోనే ఒకడు ఎవరెత్తుకున్నా నవ్వుతాడు, వేళకు తింటాడు, పడుకుంటాడు. ఇంకొకడికి కొత్త మనిషి, కొత్త రుచి, కొత్త చొక్కా అన్నీ యుద్ధమే. మూడో రకం పిల్లలు మొదట వెనక్కి తగ్గుతారు, తొందరపెట్టకపోతే నెమ్మదిగా కలుస్తారు. మూడోవంతు మంది ఏ రకంలోనూ ఇమడలేదు, అది కూడా గుర్తుంచుకోవాల్సిందే. ఇద్దరు పిల్లలున్న ఏ తల్లిని అడిగినా ఈ మాటే చెబుతుంది: పెద్దది పెళ్ళిపందిట్లో సన్నాయి పక్కనే నిద్రపోయేది, చిన్నది ఫ్యాన్ చప్పుడు మారితే లేస్తుంది.

అయితే థామస్, చెస్ అక్కడితో ఆగలేదు. స్వభావం ఎలాంటిదన్నది కాదు, ఆ స్వభావానికీ ఇంటి పద్ధతికీ పొంతన కుదిరిందా లేదా అన్నదే పిల్లల భవిష్యత్తును ఎక్కువగా చెబుతోందన్నారు. మెల్లగా కలిసే పిల్లని చుట్టాలు రాగానే హాల్లోకి లాక్కొచ్చి, అంకుల్‌కి రైమ్ చెప్పమ్మా అని నిలబెడితే ఆ పిల్ల మరింత ముడుచుకుంటుంది. పది నిమిషాలు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూడనిస్తే తనే వస్తుంది. పిల్ల అదే, స్వభావమూ అదే.

ఇక శరీరం ఎదిగే తీరు. పుట్టినప్పుడు మూడు కిలోల దగ్గరున్న బిడ్డ అయిదు నెలలకల్లా రెట్టింపవుతుంది, ఏడాదికి మూడు రెట్లు. మెదడు వేగం ఇంకా ఎక్కువ. పుట్టినప్పుడు పెద్దవాళ్ళ మెదడులో పావువంతు ఉండేది, అయిదేళ్ళకు తొంభై శాతానికి చేరుతుంది. మాడు మీద మెత్తగా తగిలే చోటు ఏడాది, ఏడాదిన్నర దాకా మూసుకోకుండా ఉండేది ఈ పెరుగుదలకు చోటివ్వడానికే.

ఈ దశలో తల్లులకు అసలు టెన్షన్ పోలికలతో వస్తుంది. మా వాడు తొమ్మిదో నెలకే నడిచేశాడు, మీవాడింకా లేవలేదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో పిల్లల పెరుగుదలను కొలిచింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లల్ని తీసుకున్నారు. ఏ ఊతమూ లేకుండా నడవడం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలవుతుందని తేలింది. అంటే తొమ్మిది నెలలకు నడిచినవాడూ, పదిహేడు నెలలకు నడిచినవాడూ ఇద్దరూ మామూలే. వందలో నలుగురైదుగురు అసలు పాకకుండానే నేరుగా లేచి నడిచారు. ఆందోళన పడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి: ఏడాదికల్లా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాది దాటి నెలలు గడుస్తున్నా కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం. ఇవి కనిపిస్తే, మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారులే అనే ఓదార్పు వినకుండా పిల్లల డాక్టర్‌కి చూపించాలి.

ఆ సర్వేలో ఇంకో సంగతి బయటపడింది. తల్లిపాలు, సరైన తిండి, శుభ్రమైన ఇల్లు ఉంటే ఆరు దేశాల పిల్లలూ దాదాపు ఒకే ఎత్తు పెరిగారు. మనవాళ్ళు పొట్టి జాతి అనే మాట చిన్నపిల్లల విషయంలో అంతగా నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఇందులో పుట్టుక వాటాకన్నా పళ్ళెం వాటా ఎక్కువ. దీనికి సాక్ష్యం హైదరాబాద్ పక్క పల్లెల్లోనే ఉంది. 1987-90 మధ్య అక్కడ కొన్ని ఊళ్ళలో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారంగా మొక్కజొన్న-సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు, పక్క ఊళ్ళలో ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు టీనేజ్‌కి వచ్చాక మళ్ళీ కొలిస్తే, ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. సెంటీమీటరున్నర కూడా లేదు కదా అనిపించవచ్చు. రోజుకో గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత కూడా ఒంట్లో కనిపించడమే నాకైతే విశేషంగా తోచింది.

తిండి ఒక్కటే అయితే కథ ఇక్కడితో అయిపోయేది. బిడ్డకు లాల పోసే వేళ ఒకసారి చూడండి. అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డని బోర్లా వేసుకుని నూనె రాస్తుంది. తిప్పి వెల్లకిలా పడుకోబెట్టగానే మొదలవుతుంది సంభాషణ. ఏవమ్మా, ఏంటి కోపమొచ్చిందా? బిడ్డ 'ఊ' అంటుంది. అవునా, నీళ్ళు వేడిగా ఉన్నాయా? మళ్ళీ 'ఊఁ'. ఓహో, తాతని కొట్టాలా, అలాగే కొడదాం. రెండు నెలల బిడ్డకి ఒక్క ముక్కా అర్థం కాదు. కానీ నేనొకటి అంటే నువ్వొకటి అనాలి, నువ్వు అంటున్నప్పుడు నేను ఆగాలి అన్నది ఆ కాళ్ళ మీదే నేర్చుకుంటోంది. తర్వాత రాబోయే మాటలన్నీ ఈ వంతుల చట్రంలోనే కూర్చుంటాయి.

ఈ వంతు తెగిపోతే ఏమవుతుందో ఎడ్వర్డ్ ట్రానిక్ 1970ల్లో అమెరికాలో చూపించాడు. తల్లి కాసేపు బిడ్డతో మామూలుగా ఆడాలి, ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డనే చూస్తూ ఉండిపోవాలి. బిడ్డ ముందు నవ్వి పిలుస్తుంది, చేతులు చాపుతుంది, కేక వేస్తుంది, చివరికి ముఖం తిప్పేసుకుని ఏడుపు లంకించుకుంటుంది. తల్లి ఎదురుగానే ఉంది, తల్లి జవాబే లేదు. ఫోన్‌లో మునిగిన ముఖం కూడా బిడ్డకు ఇలాగే కనిపిస్తుందా అన్న అనుమానం ఇప్పుడు చాలామందికి వస్తోంది. రోజులో కొద్దిసేపు ఇలా జరిగితే ఏమీ కాదు, ఏ తల్లీ ఇరవై నాలుగ్గంటలూ బదులు పలకలేదు. తెగిన వంతు మళ్ళీ కలుస్తోందా అన్నదే చూసుకోవాలి.

భాష కూడా ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే బతుకుతుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగం మనకు బాగా దగ్గరది. ఇంగ్లిష్ ఇళ్ళలో పెరుగుతున్న పిల్లలకు హిందీలోని 'ట', 'త' ధ్వనులు వినిపించారు. ధ్వని మారినప్పుడు తల తిప్పితే పక్కనున్న పెట్టెలో బొమ్మ వెలుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు దాదాపు అందరూ ఆ తేడా పట్టేశారు. వాళ్ళ అమ్మానాన్నలకు మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఏడాది నిండేసరికి ఆ పిల్లలూ అమ్మానాన్నల్లాగే అయిపోయారు. చుట్టూ వినపడని తేడాను వినడం చెవి మానేసింది. తాతకీ టాటాకీ తేడా మన పిల్లలకు పుట్టుకతోనే తెలుసు, ప్రపంచంలో పిల్లలందరికీ తెలుసు. మన పిల్లల్లో అది నిలబడింది అంతే.

మరి ఆ వినికిడిని టీవీ పెట్టి నిలబెట్టవచ్చా? ప్యాట్రిషియా కుల్ బృందం 2003లో సియాటిల్‌లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు పన్నెండు విడతలుగా చైనీస్ వినిపించింది. ఒక జట్టుకి మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ చెప్పారు, ఇంకో జట్టుకి అదే మనిషి వీడియో చూపించారు. మనిషి దగ్గర విన్న పిల్లలు చైనీస్ ధ్వనుల్ని పట్టుకున్నారు. వీడియో చూసినవాళ్ళకు ఏమీ రాలేదు. సెల్‌ఫోన్ గోడకి ఆనించి ముద్ద నోట్లో పెట్టే అలవాటు ఇప్పుడు దాదాపు ఇంటింటా ఉంది. రెండేళ్ళలోపు పిల్లలకు కూర్చోబెట్టి స్క్రీన్ చూపించవద్దనీ, ఆ తర్వాత అయిదేళ్ళ దాకా రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏం చూపించాలన్న చర్చకన్నా, ఆ సమయంలో ఎవరి జవాబు లేకుండా పోతోందన్నదే పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం.

మనిషి జవాబు అసలే దొరకని పిల్లల గురించి రొమేనియా నేర్పింది చాలా ఘోరమైన పాఠం. అక్కడి నియంత చౌషెస్కు జనాభా పెంచాలని 1966లో గర్భస్రావాలను నిషేధించాడు. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్ష మందికి పైగా పిల్లలు ప్రభుత్వ శరణాలయాల్లో ఉన్నారు. తిండి వేళకు వచ్చేది, బట్టలు మార్చేవాళ్ళు, కానీ ఏడిస్తే ఎవరూ రారు కాబట్టి ఏడవడమే మానేసిన పసిపిల్లల గదులవి. 2000లో బుకారెస్ట్‌లో 136 మంది పిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. అందులో సగం మందిని చీటీ తీసినట్టు ఎంచి పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. కుటుంబాలకు వెళ్ళినవాళ్ళు తెలివిలో, మాటలో, మనుషులతో పెనవేసుకోవడంలో తేరుకున్నారు. రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళు అందరికన్నా బాగా తేరుకున్నారు. మొక్కై వంగనిది అన్న సామెతకు ఇంత కఠినమైన రుజువు మరొకటి ఉండదేమో. అయితే రెండేళ్ళు దాటాక అంతా అయిపోయిందని దీనర్థం కాదు. ఆలస్యంగా వెళ్ళినవాళ్ళలోనూ కొన్ని విషయాల్లో మెరుగుదల కనిపించింది.

మామూలు ఇళ్ళలో, రెండో ఏడు దాటాక, సమాజం పిల్లల నోట్లోంచి లోపలికి వెళ్తుంది. తాతకి దణ్ణం పెట్టు, అత్తకి టాటా చెప్పు, ఆవిడ పిన్ని కాదమ్మా పెద్దమ్మ, అమ్మ కన్నా పెద్దది. నాన్న తమ్ముణ్ణి బాబాయ్ అనాలి, అమ్మ తమ్ముణ్ణి మావయ్య అనాలి అని తెలిసేసరికి ఇంటి వంశవృక్షంలో తాను ఏ కొమ్మ మీద ఉందో ఆ పిల్లకి తెలిసిపోతుంది. ఎవరిని నువ్వు అనాలి, ఎవరిని మీరు అనాలి అన్నది ఎవరూ పాఠంగా చెప్పరు, తప్పన్నప్పుడల్లా ఎవరో ఒకరు దిద్దుతారు.

మన పెద్దవాళ్ళకు ఇంకో అలవాటుంది. మూడేళ్ళ పిల్లతో, మీ అమ్మని మా ఇంటికి తీసుకెళ్ళిపోతా, నువ్విక్కడే ఉండు, సరేనా? అంటారు. పిల్ల పరుగెత్తి అమ్మ కొంగు పట్టుకుంటుంది, అందరూ నవ్వుతారు. కొత్తతరం తల్లులకు ఇది చిరాకు తెప్పిస్తుంది. నిజానికి ఈ అలవాటు మనకొక్కళ్ళకే లేదు. ఉత్తర కెనడా ఇన్యుయిట్ ప్రజల మధ్య ఏళ్ళ తరబడి ఉన్న మానవశాస్త్రవేత్త జీన్ బ్రిగ్స్ అచ్చం ఇలాంటి ఆటపట్టింపుల్నే రాసుకుంది. మీ తమ్ముణ్ణి చంపెయ్యరాదా అని పసిపిల్లల్ని నవ్వుతూ అడుగుతారట. అసూయ, భయం, ప్రేమ అనే పెద్ద విషయాలను పిల్లలు తాళగలిగిన మోతాదులో వాళ్ళ ముందు పెట్టే పద్ధతిగా ఆమె దాన్ని చూసింది. అయితే ఆ మోతాదు దాటితే అది హింసే. పిల్ల పెదవి వణుకుతున్నా నవ్వు ఆపని చుట్టం ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్ళని ఆపడం తల్లి బాధ్యతే.

మూడు నుంచి అయిదేళ్ళ మధ్య ఇంకో పెద్ద మలుపు ఉంది. బయటికి అది అబద్ధంగా కనిపిస్తుంది. మూడేళ్ళవాడు బూస్ట్ డబ్బాలో చెయ్యిపెట్టి, మూతి నిండా పొడితో వచ్చి, నేను తిన్లేదు అంటాడు. అబద్ధం చెప్పాలని తెలిసింది, ఎదుటివాళ్ళకు తన మూతి కనబడుతుందని తెలియలేదు. ఎదుటివాళ్ళ తలలో ఉన్నది తన తలలో ఉన్నదానికన్నా వేరు అన్న గ్రహింపు చాలామందికి నాలుగో ఏట వస్తుంది. 1983లో హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ దీన్ని కథగా పరీక్షించారు. ఒక అబ్బాయి చాక్లెట్ అలమారలో పెట్టి బయటికెళ్తాడు, అమ్మ దాన్ని వేరే అలమారలోకి మారుస్తుంది, తిరిగొచ్చాక వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు కొత్తచోటే చూపిస్తారు, తమకు తెలిసింది వాడికీ తెలుసనుకుంటారు. నాలుగైదేళ్ళవాళ్ళు పాతచోటు చూపిస్తారు.

కాబట్టి నాలుగేళ్ళవాడి మొదటి పకడ్బందీ అబద్ధం వాడి మనసు ఎదిగిందనడానికి గుర్తు కూడా. అలాగని చప్పట్లు కొట్టమని కాదు. వీడు దొంగై పోతాడు అని జాతకం రాయడం మాత్రం అనవసరం. ఇదే శక్తితో వాడు చెల్లి ఎందుకు ఏడుస్తోందో ఊహించగలడు, పుట్టినరోజు బహుమతిని సాయంత్రం దాకా దాచగలడు.

ఈ వయసు పిల్లల ఓర్పు గురించి స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన మిఠాయి ప్రయోగం వాట్సాప్ దాకా వచ్చేసింది. ఇప్పుడే ఒకటి తింటావా, కాసేపు ఆగి రెండు తింటావా? ఆగినవాళ్ళే జీవితంలో పైకొచ్చారని ప్రచారం. 2018లో తొమ్మిది వందల మందికి పైగా పిల్లల వివరాలతో మళ్ళీ లెక్కలు తీస్తే, కుటుంబ పరిస్థితిని కలుపుకున్నాక ఆ సంబంధం చాలావరకు సన్నగిల్లింది. దానికన్నా 2013లో అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయం వెలువరించిన ప్రయోగం ఆసక్తికరం. ముందుగా పిల్లలకు మంచి రంగులు తెస్తానని చెప్పి, కొందరికి తెచ్చారు, కొందరికి లేవని చేతులెత్తేశారు. ఆ తర్వాత మిఠాయి పెడితే, మాట నిలిచిన పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పిన జట్టు మూడు నిమిషాలే ఆగింది. ఆదివారం జూకి తీసుకెళ్తానని నాలుగు ఆదివారాలు తప్పించిన నాన్న, వీడికి ఓపిక లేదని విసుక్కోవడం ఇక్కడ గుర్తుకొస్తుంది.

అయిదారేళ్ళు వచ్చాక మూడో సామెత రంగంలోకి దిగుతుంది. పిల్లలు ఇంటి గుమ్మం దాటి ఆటలోకి వెళ్తారు. వీధిలో ఆడే ఆటలో చిన్నపిల్లలకు మనవాళ్ళు ఒక హోదా పెట్టారు: ఆటలో అరటిపండు. అన్నతో పాటు వచ్చిన నాలుగేళ్ళ చెల్లిని పంటల్లో కలుపుతారు, పరుగెత్తనిస్తారు, కానీ పట్టుకున్నా దొంగ అవ్వదు. ఆ పిల్ల ఓడదు, గెలవదు. కానీ తొండి అంటే ఏమిటి, తూచ్ అన్నాక ఏం చెయ్యాలి, కటీఫ్ ఎలా కలుస్తుంది అన్నీ లోపల ఉండే చూస్తుంది. ఒకటి రెండేళ్ళ తర్వాత ఒకరోజు ఎవరో, ఇది ఇంక అరటిపండు కాదురా అంటారు. చేతగానివాళ్ళను కాస్త చేతనైనవాళ్ళ పక్కన ఉంచితే చేతనవుతుందన్న రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ సిద్ధాంతాన్ని ఇంత బాగా నడిపించిన ఏర్పాటు నేనైతే మరొకటి చూడలేదు. ఒకే వయసువాళ్ళను ఒకే గదిలో కూర్చోబెట్టే బళ్ళలో అరటిపళ్ళు ఉండవు.

జీన్ పియాజే అనే మనస్తత్వవేత్త స్విట్జర్లాండ్‌లో పిల్లల గోళీలాట చూస్తూ ఇలాంటిదే పట్టుకున్నాడు. ఆ పరిశీలనలు 1932లో వెలువడ్డాయి. చిన్నపిల్లలు ఆట నియమాలు పెద్దవాళ్ళో దేవుడో పెట్టినవనీ, మార్చకూడదనీ అనుకుంటారు, ఆడేటప్పుడు మాత్రం ఎవరిష్టం వాళ్ళది. పదేళ్ళు దాటినవాళ్ళు అందరూ ఒప్పుకుంటే నియమం మార్చుకోవచ్చంటారు, ఒప్పుకున్నదానికి కట్టుబడతారు. నియమం మనదని తెలిశాకే దాన్ని గౌరవించడం వస్తోంది. రిఫరీగా పెద్దవాళ్ళు పక్కనే నిలబడే కోచింగ్ ఆటల్లో ఈ తగవు, ఈ రాజీ జరగవు.

తోటివాళ్ళ బలం ఎంతో యాసలో వినపడుతుంది. డాలస్‌లో పెరిగే తెలుగు పిల్లల ఇంగ్లిష్ అమ్మానాన్నల ఇంగ్లిష్‌లా ఉండదు, పక్క బెంచీ పిల్లల ఇంగ్లిష్‌లా ఉంటుంది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చిన కుటుంబంలో పిల్లాడు ఏడాదిలో ఏందిరా అనడం మొదలుపెడతాడు. ఇలాంటి వలస పిల్లల్ని సాక్ష్యంగా చూపించే 1998లో జుడిత్ రిచ్ హారిస్ అనే అమెరికన్ రచయిత్రి, పిల్లల్ని తయారుచేసేది తల్లిదండ్రులు కాదు, తోటి గుంపే అని గట్టిగా వాదించి పెద్ద దుమారం రేపింది. ఆమె తల్లిదండ్రుల వాటాను మరీ తగ్గించేసిందని నాకనిపిస్తుంది, బుకారెస్ట్ పిల్లలే దానికి జవాబు. కానీ ఆ గుంపు ఏదన్నది ఎంచేది తల్లిదండ్రులే అన్న ఆమె మాట కొట్టిపారేయలేం. ఏ వీధిలో ఇల్లు, ఏ బడి, ఎవరింటికి రాకపోకలు అన్నవి వాళ్ళ చేతిలోనివే.

టీనేజ్‌లో ఆ గుంపు చూపు ఎంత బరువో 2005లో ఒక డ్రైవింగ్ వీడియోగేమ్ ప్రయోగం చూపించింది. స్నేహితులు పక్కనుంటే 13-16 ఏళ్ళవాళ్ళు తీసుకునే రిస్క్ బాగా పెరిగింది, 24 దాటినవాళ్ళలో ఆ తేడా లేదు. బండి మీద ముగ్గురు ఎక్కినప్పుడు నడిపేవాడు ఒంటరిగా ఉన్నప్పటి మనిషి కాదు.

సరిగ్గా ఈ వయసులోనే మనం చాలామంది పిల్లల్ని ఇంటర్ హాస్టల్లో వేస్తాం. రెండేళ్ళ పాటు వాళ్ళకు ఇల్లూ, వీధీ, గుంపూ ఆ సెక్షనే. చేర్చేముందు ఫ్యాకల్టీ ఎవరు, ఏసీ ఉందా, పోయినేడాది ర్యాంకులెన్ని అని అడుగుతాం. గదికి ఎంతమంది, రోజుకో గంటైనా ఆడుకోనిస్తారా, వారం పరీక్ష మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేస్తారా, అలా మారిస్తే కుదిరిన స్నేహం ఎన్నాళ్ళుంటుంది అని అడిగేవాళ్ళు తక్కువ. పిల్లాడు ఆ రెండేళ్ళూ ఎలాంటి మనుషుల మధ్య, ఎలా బతకబోతున్నాడో ఈ రెండో రకం ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే తెలుస్తుంది.